రిక్వెస్టర్

ఆ ఎండాకాలం మొదట్లో మా ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి కొత్త పెద్ద వచ్చాడు. వచ్చిన వారంలోనే నా గోడ ఖాళీ చేయించాడు.

నా గోడ అంటే నా కుర్చీ వెనక ఉన్న గోడ. ఒక అంతస్తుకంతా కొత్త తీగలు లాగడం, మందుల గదిలో పాత ప్రోగ్రాము తీసి కొత్తది పెట్టడం, ఇలా ఆసుపత్రిలో ఏ పెద్ద పని తలపెట్టినా దాన్ని మొదటినుంచి చివరిదాకా నడిపించడం నా ఉద్యోగం. ఏది ముందు, ఏది తరవాత, ఎవరి పని అయితే ఎవరి పని మొదలవుతుంది అన్నవి రంగు కాగితాల మీద రాసి ఆ గోడకి అంటించేదాన్ని. నర్సులు, తీగలు లాగేవాళ్ళు, స్టోరు గుమాస్తా, ఎవరొచ్చినా గోడముందు నిలబడి తమ కాగితం ఎక్కడుందో చూసుకునేవాళ్ళు. ఒక్కోసారి అక్కడే వాదించుకుని, కాగితం పీకి ఇంకోచోట అంటించి వెళ్ళేవాళ్ళు. పని జరిగేది.

అదే గదిలో అవతలి పక్కన మా ఆయన సర్వీస్ డెస్క్. ప్రింటర్ కదలడం లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయాను, తెర నల్లబడింది అంటూ ఆసుపత్రి నలుమూలల నుంచీ వచ్చే ఫిర్యాదులన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఒక్కో ఫిర్యాదు ఒక్కో టికెట్. ఆ టికెట్లన్నీ నడిచే కంప్యూటర్ ఏర్పాటుకి ప్లాట్‌ఫామ్ అని పేరు. టికెట్ పుట్టిన క్షణం నుంచీ దాని గడియారం తిరుగుతుంది. గడువులోగా తేలిస్తే పచ్చ, దాటితే ఎరుపు. మా అత్తయ్య చాలాకాలం తన కొడుకు ప్రయాణాల కంపెనీలో పనిచేస్తున్నాడనే అనుకున్నారు. ఫోనులో ఎప్పుడు విన్నా టికెట్లు, ప్లాట్‌ఫామూ తప్ప మరో మాట వినపడేది కాదు మరి.

కొత్త పెద్ద మా అందరినీ నిలబెట్టి చెప్పింది ఇదీ. ఒకే విభాగంలో రెండు రకాల లెక్కలు ఉండకూడదు. ఇకనుంచి ప్రాజెక్టులు కూడా ప్లాట్‌ఫామ్‌లోనే. ప్రతి పనీ ముక్కలు చేసి టికెట్లుగా పెట్టాలి. నోటిమాట లెక్కలోకి రాదు. ప్లాట్‌ఫామ్‌లో లేనిది జరగనట్టే. చెప్పి ఊరుకోకుండా నా గోడమీద, కాగితాలు పీకేసిన చోటే, ఒక పెద్ద తెర పెట్టించాడు. పొద్దున్నే వచ్చి దానిముందు కాఫీ తాగేవాడు. తెర పచ్చగా ఉంటే ముఖం విప్పారేది. ఎక్కడైనా ఎరుపు కనిపించిందా, ఇక ఆ రోజు మా పని అయిపోయినట్టే. ఆయనకి పచ్చసారు అన్న పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, సాయంత్రానికల్లా ఆసుపత్రి అంతా పాకిపోయింది.

నిజం చెప్పాలంటే ఆలోచన చెడ్డదేమీ కాదు. నా పనులకి వచ్చేవాళ్ళూ మా ఆయన మనుషులే. వాళ్ళ చేతుల్లో ఎంత పని ఉందో అన్నీ ఒకచోట ఉంటేనే తెలుస్తుంది. నేనూ మొదట అలాగే సరిపెట్టుకున్నాను. కాని ఆ ప్లాట్‌ఫామ్ పుట్టింది ప్రింటర్ల కోసం. పాడైపోయింది, బాగుచేశాం, అయిపోయింది. దానికి తెలిసిన బతుకు అంతే. ఇంకా లేని వస్తువుని నెలల తరబడి తయారుచేయడం అంటే ఏమిటో దానికి అర్థంకాదు.

అప్పుడు నా చేతిలో ఉన్న పని ఆసుపత్రి ఫోన్లు మార్చడం. పాత ఎక్స్‌ఛేంజ్ ముసలిదైపోయింది. దాన్ని తీసేసి అన్ని వార్డుల్లోనూ కంప్యూటర్ తీగల మీద నడిచే కొత్త ఫోన్లు పెట్టాలి. ఆ ఒక్క పనీ వందల టికెట్లయింది. టికెట్ పెట్టేటప్పుడు ఏ రకమో చెప్పాలి కదా. ప్రింటర్, పాస్‌వర్డ్, ఇంటర్నెట్, ఇతరములు. నా ప్రాజెక్టు మొత్తం ఇతరముల్లోకి పోయింది. గోడకి కన్నం వేయించడానికి టికెట్ పెడితే నాలుగు గంటల గడువు వచ్చి కూర్చునేది. మేస్త్రీ వచ్చేదే మర్నాడు. అప్పటికి ఎరుపు. ఎందుకు ఎరుపు వచ్చిందో సంజాయిషీ రాయమనేవాడు పచ్చసారు. సంజాయిషీ రాయడానికి ఇంకో టికెట్. తీరా కన్నం వేశాక నాకే ఒక ఉత్తరం వచ్చేది, మా సేవ మీకు తృప్తినిచ్చిందా, ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు అని. నా కన్నానికి నేనే నక్షత్రాలు ఇచ్చుకోవాలి. ఇంట్లో ఈ సంగతి చెబితే మా అమ్మాయికి నవ్వు ఆగలేదు. పదకొండేళ్ళది, సెలవుల్లో ఉంది. ఆ రోజునుంచి వంటకి నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళ నానమ్మ వంటకి ఐదు, నా వంటకి రెండు.

నవ్వుకున్నది ఆ కొద్దిరోజులే.

తీగలు లాగేవాళ్ళలో ఒకాయన్ని అందరూ పొడుగు అని పిలిచేవాళ్ళు. నిచ్చెన ఎక్కకుండానే సగం పనులు చేయగలడు. ఒకరోజు రెండో అంతస్తు వరండాలో కప్పు పలకలు విప్పి, తీగలు సగం లాగి, ఉన్నట్టుండి మాయమయ్యాడు. పలకలు నేలమీద, తీగలు వేలాడుతూ, నిచ్చెన దారికడ్డంగా. రోగుల బళ్ళు దాని పక్కనుంచి వంకర్లు తిరుగుతూ పోతున్నాయి. నేను కిందికి వచ్చి మా ఆయన బల్లముందు నిలబడ్డాను. ఇంట్లో మేం నువ్వు అనుకుంటాం, ఆఫీసులో మీరు అనుకుంటాం. పెళ్ళయిన కొత్తలోనే చేసుకున్న ఏర్పాటు అది.

"పొడుగుని మధ్యలో ఎందుకు లాక్కున్నారు?"

"డైరెక్టర్ గారి మౌస్ పనిచేయట్లేదు. దానికి గంట గడువు. మీ పనికి రేపటిదాకా ఉంది."

"రేపటికి అవ్వాలంటే ఇవాళ నిచ్చెన ఎక్కాలి కదా."

"అది ప్లాట్‌ఫామ్‌కి తెలీదు."

"మీకు తెలుసుగా."

ఆయన జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. ఎత్తి మాట్లాడుతూ, నావైపు చూడకుండానే చెయ్యి ఊపాడు. ఆగమనో, వెళ్ళమనో తెలియలేదు. నిచ్చెన వారంపాటు అక్కడే ఉంది.

ఆయన్ని అని లాభం లేదని తెలుసు. ఉన్నది నలుగురు మనుషులు. ఫిర్యాదులు తగ్గవు, నా పనులు ఆగవు. తెర ఎరుపెక్కితే ముందు పిలుపు ఆయనకే. కాని తెలిసినంత మాత్రాన ఒళ్ళు మండకుండా ఉంటుందా? పగలంతా గదికి ఆ పక్కన ఆయనా ఈ పక్కన నేనూ పళ్ళు కొరుక్కుని, సాయంత్రం ఒకే బండిమీద ఇంటికి చేరి, అన్నం దగ్గర మళ్ళీ అదే ఎత్తుకునేవాళ్ళం. ఎవరి టికెట్ ముందు, ఎవరి మనిషి ఎక్కడ, ఎవరు ఎవరి పని చెడగొట్టారు. ఒకరోజు కంచం ముందు కూర్చుని, అసలు మీకు నా పనంటే లెక్కేలేదు అన్నాను. ఆయన ఏదో అనబోయాడు. మా అమ్మాయి ముద్ద కలపడం ఆపి నావైపు చూసింది.

"అమ్మా, నాన్నని మీరు అంటున్నావేంటి?"

అప్పటిదాకా నేను గమనించనేలేదు. ఆఫీసు మీరు ఎప్పుడు మా ఇంట్లోకి వచ్చిందో ఏమో. ఇద్దరం తలలు వంచుకున్నాం. అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా అన్నారు.

"కోడలు పిల్లా, ఒరేయ్ నువ్వు కూడా విను. ఇంక ఈ ఇంట్లో టికెట్ల మాట వినపడకూడదు. గుమ్మం బయట చెప్పులతోపాటే విడిచిపెట్టి రండి."

ఎదురు చెప్పాలనిపించలేదు. పైగా ప్రాణం హాయిగా అనిపించింది. మర్నాటి నుంచి మాట తప్పకుండా పాటించాం. మొదటి రెండు మూడు రోజులు మాట్లాడుకోవడానికి ఏమీ దొరక్క, కూరలో ఉప్పు గురించే చెప్పుకున్నాం. తరవాత మెల్లగా మాటలు వచ్చాయి. ఎదురింటి కుక్క గురించి, అమ్మాయి చెప్పే అబద్ధాల గురించి, ఎప్పుడో చూసిన సినిమాలో మర్చిపోయిన పాట గురించి. ఎండ చల్లబడ్డాక నలుగురం డాబా మీదికి వెళ్ళి నీళ్ళు చల్లుకుని కూర్చునేవాళ్ళం. ఒకరోజు ఆయన నా కాలి మడమలు పగిలాయని చూసి, అడక్కుండానే మందు తెచ్చిపెట్టాడు. ఎంతకాలమైంది ఆయన నావైపు అలా చూసి, అనుకున్నాను.

ఆఫీసులో మాత్రం ఏమీ మారలేదు. పోట్లాటలు ఇంట్లో మానేశాం కాబట్టి అక్కడా తగ్గించాం. ఏదైనా ఉంటే ప్లాట్‌ఫామ్‌లో రాసుకునేవాళ్ళం. పచ్చసారు మురిసిపోయి, ఇదీ పద్ధతంటే అని నలుగురిలోనూ మెచ్చుకున్నాడు. నాకు రోజుకి వందకి పైగా ఉత్తరాలు వచ్చేవి. ఫలానా టికెట్ తెరిచారు, ఫలానాది ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి పోయింది, ఫలానాదానికి నక్షత్రాలు ఇవ్వండి. అన్నీ ఒకే రంగు, ఒకే మాటలు. చదివి చదివి కళ్ళు మండిపోయేవి. చివరికి ఉత్తరాలు వదిలేసి తెరనే చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. తెరమీద ఫోన్ల ప్రాజెక్టు రోజురోజుకీ పచ్చబడుతోంది. అది చూసి, గోడ లేకపోతే పోయింది, పని జరుగుతోంది కదా అని ఊరడిల్లాను కూడా.

పాత ఎక్స్‌ఛేంజ్ ఆపేసే రోజు నాటికి ఒక్క ఎరుపు కూడా లేదు. తెల్లవారుజామునే వెళ్ళి ఆపేశాం. కొత్త ఫోన్లు మోగాయి. పచ్చసారు అందరితోనూ చేతులు కలిపాడు.

మర్నాడు మధ్యాహ్నం మేట్రన్ మా గదిలోకి వచ్చింది. ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద ఆవిడ. మనిషి బక్కపలచన, గొంతు ఎప్పుడూ పెంచదు. చేతిలో ఒక కొత్త ఫోను, వైరుతో సహా పీకి తెచ్చింది. దాన్ని నా బల్లమీద పెట్టి, ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

సంగతేమిటంటే, ప్రసూతి వార్డు నుంచి బ్లడ్ బ్యాంక్‌కి ఒక నేరు ఫోను ఉంటుంది. ఎత్తితే చాలు, అవతల మోగుతుంది. ఆ మధ్యాహ్నం కాన్పయిన ఒకావిడకి రక్తం ఆగలేదు. నర్సు ఆ ఫోను ఎత్తింది. ఏ చప్పుడూ లేదు. సెల్లు తీసి కొట్టింది. బ్లడ్ బ్యాంక్ ఉన్నది నేలకింది అంతస్తులో, అక్కడ సెల్లు పలకదు. చివరికి ఒక ఆయా మూడంతస్తులు మెట్లమీద పరుగెత్తింది. మధ్యలో పడి మోకాలు చీరుకుపోయినా లేచి మళ్ళీ పరుగెత్తింది. రక్తం వచ్చింది. తల్లి బతికింది.

"దీన్ని మోగించి చూశారా?" అని అడిగింది మేట్రన్.

చూశాం అన్నాను. తెరవైపు చూపించాను. అక్కడ ఆ లైను పేరు ఎదురుగా పచ్చటి చుక్క నిగనిగలాడుతోంది.

ఆవిడ తెరని ఒక్క క్షణం చూసింది. "అవతల ఎవరు ఎత్తారు?"

ఆవిడ వెళ్ళాక ఆ టికెట్ తెరిచాను. పొడుగు ఆ పనికి వెళ్ళినప్పుడు బ్లడ్ బ్యాంక్ రెండు గదులుగా విడిపోయి ఉంది. పాతది సగం ఖాళీ, కొత్తది సగం సర్దుబాటు. ఏ గదిలో పెట్టాలి, పాతదాంట్లోనా కొత్తదాంట్లోనా అని టికెట్‌లో నన్ను అడిగాడు. నోటిమాట పనికిరాదన్నారు కదా, రాతలోనే అడిగాడు. ఆ ప్రశ్న నాకు ఉత్తరంగా వచ్చింది, వందల్లో ఒకటిగా. నేను చూడలేదు. ప్రశ్న నా దగ్గర ఉన్నంతసేపూ ప్లాట్‌ఫామ్ గడియారం ఆగిపోతుంది, కాబట్టి ఎరుపు రాదు. మూడు రోజులు జవాబు రాకపోతే, ఇక అడిగినవాళ్ళకి ఆ పనితో అవసరం లేదనుకుని టికెట్ దానంతట అదే మూతపడుతుంది. మూతపడినవన్నీ పచ్చ. ప్రింటర్‌కైతే సరిపోయే పద్ధతే. ప్రింటర్ బాగుపడితే జనం జవాబు ఇవ్వరు. కానీ ఇక్కడ ఫోను వార్డులో పెట్టారు, అవతల అసలు ఏదీ పెట్టలేదు.

మా ఆయన వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. నా భుజం మీదుగా మొత్తం చదివాడు. తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే పొడుగు అవతలి ఫోను పెట్టేశాడు. అరగంట పని.

మర్నాడు సమావేశం. పచ్చసారు, మేట్రన్, మా ఆయన, నేను. ఆ టికెట్‌ని గోడమీద పెద్దదిగా వేశారు. ఏం జరిగిందో వరసగా చదవమని పచ్చసారు మా ఆయన్ని అడిగాడు. ఆయన లేచి నిలబడి, అలవాటైన గొంతుతో, రోజూ పొద్దున్నే లెక్కలు చదివినట్టే చదివాడు. టికెట్ ఫలానా రోజున తెరిచారు. పనివాడు వెళ్ళాడు. వివరం కోసం ఆగాడు.

"రిక్వెస్టర్ నుంచి జవాబు లేదు. గడువు దాటడంతో సిస్టమ్ క్లోజ్ చేసింది" అని ముగించాడు.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. గోడమీద ఉన్నదే చదివాడు. రిక్వెస్టర్, అంటే పని అడిగిన మనిషి, అన్న మాట పక్కనే నా పేరు కూడా ఉంది.

"రిక్వెస్టర్ ఎవరు?" అన్నాడు పచ్చసారు. కళ్ళముందే ఉన్నా అడిగాడు.

మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాడు. పక్కనున్న లాండ్రీలో యంత్రం తిరుగుతున్న మోత గోడలోంచి వినిపిస్తోంది.

"నేనే" అన్నాను.

పచ్చసారు రాసుకున్నాడు. మేట్రన్ మాత్రం నావైపు చూడలేదు, ఆయనవైపూ చూడలేదు. మా గది ఉన్న వైపు తల తిప్పి, మామూలుగా అడిగింది.

"మీ ఇద్దరి కుర్చీలకీ మధ్య దూరం ఎంత?"

పచ్చసారు గొంతు సవరించుకుని, ఇది దూరానికి సంబంధించిన విషయం కాదు, పద్ధతికి సంబంధించింది అన్నాడు. ఇకముందు ఇలా జరక్కుండా ఒక ఉత్తరం బదులు మూడు ఉత్తరాలు వెళ్ళేలా చేస్తానన్నాడు. మేట్రన్ విన్నది. అన్ని లైన్లనీ అటొక మనిషి, ఇటొక మనిషి ఉండి మోగించి చూసేదాకా తను ఏ కాగితం మీదా సంతకం పెట్టనని చెప్పి లేచింది.

ఆ సాయంత్రం బండిమీద మాటల్లేవు. ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. ఒక గుంత దగ్గర ఎప్పటిలా భుజం పట్టుకోబోయి, సీటు పట్టుకున్నాను. ఇంట్లో కూడా అంతే. అన్నం దగ్గర టికెట్ల మాట రాలేదు, ఇంకే మాటా రాలేదు. అత్తయ్య ఒకటి రెండుసార్లు మా ముఖాలు చూసి, తన ఆజ్ఞ బాగానే నాటుకుందని సంతోషించినట్టున్నారు. సమావేశంలో ఆయన నన్ను తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. తప్పు నాదేనని ఉంటే వాదించేదాన్ని. చెప్పినదంతా నిజమే అయినప్పుడు ఏమని పోట్లాడతాను? రెండు వారాలు అలా గడిచాయి. తొలకరి వానలు మొదలయ్యాయి. డాబా మీదికి వెళ్ళడం ఆగిపోయింది. వాన వల్లే ఆగిందని అమ్మాయికి చెప్పాను.

మేట్రన్ అడిగిన పనికి పచ్చసారు మనుషులని ఇవ్వలేదు. వాళ్ళని ఇస్తే ఫిర్యాదులు ఎరుపెక్కుతాయి. దాంతో ఒక సెలవురోజున మేమిద్దరమే వెళ్ళాల్సివచ్చింది. నేను పై అంతస్తుల్లో, ఆయన కింద. ఒక గది నుంచి నేను చేస్తే అవతల ఆయన ఎత్తాలి, తరవాత ఆయన చేస్తే నేను ఎత్తాలి. హలో. వినిపిస్తోంది. పెట్టేస్తున్నా. మొదట అంతకుమించి మాట లేదు. పిల్లల వార్డు నుంచి చేస్తే వెనక ఏడుపులకి ఆయనకి ఏమీ వినపడలేదు, రెండుసార్లు అరవాల్సివచ్చింది. ఎక్స్‌రే గదిలో ఫోను తలకిందులుగా బిగించి ఉంది. దాని గురించి చెబితే అవతల చిన్నగా నవ్విన చప్పుడైంది. నేను నవ్వలేదు.

ప్రసూతి వార్డుకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ నేరు ఫోను పక్కన నిలబడ్డాను. మోగింది. ఎత్తాను.

"హలో."

"వినిపిస్తోందా?" అన్నాడు బ్లడ్ బ్యాంక్ నుంచి.

"వినిపిస్తోంది."

పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ ప్రశ్న నీ దగ్గర ఆగి ఉందని. ఆగిపోయినవన్నీ రోజూ పొద్దున్నే చూస్తాను కదా. అదీ చూశా. మొదటిరోజూ చూశా, మర్నాడూ చూశా."

"మరి అడగలేదేం?"

"ఆఫీసులో అడిగితే, ప్లాట్‌ఫామ్‌లో ఉంది కదా, గుర్తుచేయడం ఎందుకంటావేమో అనుకున్నా. ఇంటికి వచ్చాక అడుగుదామనుకున్నా. ఇంట్లో..." ఆగాడు. "ఇంట్లో అప్పుడు బాగుంది కదా. చాలా రోజులకి బాగుంది. పాడుచెయ్యబుద్ధి కాలేదు."

పక్క గదిలో ఎవరో పసిపిల్లకి స్నానం చేయిస్తున్నారు. నీళ్ళ చప్పుడు.

"మరి ఆ రోజు నా పేరెందుకు చదవలేదు? గోడమీదే ఉందిగా."

"చదివితే నిన్ను వేలుపెట్టి చూపించినట్టుంటుందని."

"చదవకపోతే నేనెవరో నీకు తెలియనట్టుంది."

అవతల ఊపిరి వినిపిస్తోంది. కొత్త ఫోన్లు బాగా పనిచేస్తున్నాయి, అంత స్పష్టంగా వినిపిస్తోంది. ఆయన ఏదో అనబోతుండగా ఒక నర్సు వచ్చి నా వెనక నిలబడింది. ఆ ఫోను కావాలంది. ఇక్కడ ఫోను కావాలట అని చెప్పి పెట్టేశాను. ఆమె ఎత్తింది, అవతల ఆయనే పలికినట్టున్నాడు. రక్తం ఏ గ్రూపో, ఎన్ని సంచులో చెప్పి, బ్లడ్ బ్యాంకు వాళ్ళకి ఫోను ఇవ్వమంది.

మిగిలిన లైన్లు కూడా ఆ రోజే పూర్తిచేశాం. ఇంకో రెండు చోట్ల పచ్చగా ఉన్నవి మూగగా దొరికాయి. వచ్చేటప్పుడు వాన పడుతోంది. సైకిళ్ళ షెడ్డు కింద ఆగాం. ఆయన జేబురుమాలు తీసి నాకిచ్చాడు. తల తుడుచుకుని తిరిగి ఇచ్చాను. తప్పయిపోయింది అనలేదు ఆయన. నేనూ పరవాలేదు అనలేదు. కాని ఆ దారి గుంతల దగ్గర మళ్ళీ భుజమే పట్టుకున్నాను.

వానాకాలం మధ్యలో పచ్చసారు ఇద్దరినీ వేరువేరుగా పిలిచి కొత్త ఏర్పాటు చెప్పాడు. ప్రాజెక్టులూ ఫిర్యాదులూ అన్నిటికీ కలిపి ఒకే అధికారి ఉంటాడు. ఆ కుర్చీ మా ఆయనకి. నేను ఆయన కింద. జరిగినదాన్ని బట్టి ఇదే అందరికీ మంచిదని, నన్ను బాధపెట్టకుండా చెప్పానని అనుకుంటూ చెప్పాడు. బయటికి వచ్చేసరికి అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. మా ఆయన వరండా చివర నాకోసం నిలబడి ఉన్నాడు.

"నేను ఒప్పుకోనని చెప్పేస్తా" అన్నాడు.

"వద్దు. ఆ పని నీకు వచ్చు. ఇంకెవరైనా వస్తే ఇంకా అధ్వాన్నం."

"నా కింద పనిచేయలేనంటావా?"

"నీ కింద చేయగలను. ఆ తెర కింద చేయలేను."

ఆయన వాదించలేదు. నెల తిరిగేసరికి నేను ఊరి రెండో కొసన ఉన్న పాల ఫ్యాక్టరీలో చేరాను. పని ఇలాంటిదే. పాలు తూచే పాత యంత్రాలు తీసి కొత్తవి కంప్యూటర్లకి కలపాలి. అక్కడా సుఖమేమీ లేదు. శీతల గదిలో కీబోర్డుల మీద మంచు పేరుకుంటుంది, రెండు షిఫ్టుల మేస్త్రీలకి ఒకరంటే ఒకరికి పడదు. ఆసుపత్రిలో ఇప్పటికీ ప్రాజెక్టులు ఇతరముల్లోనే ఉన్నాయట. అయితే మా ఆయన వచ్చాక ఒకటి మాత్రం మార్చాడు. ప్రాజెక్టుకి చెందిన టికెట్ ఏదీ దానంతట అది మూతపడదు. దానికోసం పచ్చసారుతో చాలా రోజులు గుంజాటన పడ్డాడని పొడుగు కనిపించినప్పుడు చెప్పాడు. ఇంట్లో ఆయన ఆ సంగతి ఎత్తనేలేదు.

పొద్దున్నే ఇద్దరం రెండు వైపులకి వెళ్తాం. ఆయన బండి ఆయనది, నాకు బస్సు. అత్తయ్యకి ఇది మొదట నచ్చలేదు. మొగుడూ పెళ్ళాలు వేరువేరు దారులు పట్టడమేమిటని రెండు రోజులు ముభావంగా ఉన్నారు. కొత్త ఉద్యోగంలో మొదటివారం చివర్లో నేను ఇంటికొచ్చేసరికి బాగా అలిసిపోయి ఉన్నాను. బూట్లలో పాలు, జుట్టులో పాలవాసన. వంటింట్లో మా ఆయన పాలు కాస్తున్నాడు. నన్ను ఎగాదిగా చూసి, ఏమైంది అన్నాడు.

"పెద్ద కథ" అన్నాను.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒకే గదిలో ఆ పక్కా ఈ పక్కా కూర్చున్నవాళ్ళం. నా రోజు ఎలా గడిచిందో ఆయన ఎప్పుడూ అడగాల్సిన పనిలేకపోయింది, నేను చెప్పాల్సిన పనీ లేకపోయింది. ఆయన స్టవ్ తగ్గించి, పీట నావైపు జరిపి, తను గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు.

"మొదటినుంచి చెప్పు" అన్నాడు.

నేను కూర్చుని బూట్లు విప్పుకుంటూ, పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు దిగిన దగ్గరినుంచి మొదలుపెట్టాను.